మాట వినదన్నారు

పోయిన నెలలో ఒక సాయంత్రం మా సొసైటీ కింద పార్కులో నడుస్తున్నాను. ఢిల్లీ శివారు ద్వారకాలో ఇప్పుడు టవరుకొక పార్కు, పార్కు నిండా మనుషులతో సమానంగా కుక్కలు. ఒక కుర్రవాడు, మంచుదేశాల్లో బతకవలసిన బూడిదరంగు కుక్కనొకదాన్ని తీసుకొచ్చి వదిలి, దూరంగా నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నాడు. అది గడ్డిలో ఏదో వాసన పట్టుకుని అక్కడే ఉండిపోయింది. అతను జేబులోంచి చిన్న రిమోటు తీసి నొక్కాడు. కుక్క మెడకున్న పట్టీలోంచి కరెంటు లాంటిదేమొచ్చిందో గానీ, అది కుయ్యిమని గాల్లోకి ఎగిరి, తనను కొట్టినవాళ్లెవరా అని చుట్టూ చూసుకుంది. నేను ఆగి ఇదేమిటని అడిగితే, ఎంతో మర్యాదగా నవ్వుతూ, "జిద్దీ హై ఆంటీ, సున్‌తా హీ నహీ," అన్నాడు. మొండిదట, మాట అసలే వినదట.

ఆ అబ్బాయిని నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆ సాయంత్రమే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గుంపులో నా మీద ఫిర్యాదు వచ్చిందని, మావారు దాన్ని చదివి ఫోను పక్కన పెట్టేసి మంచినీళ్లు తెచ్చిచ్చారని మాత్రం చెబుతాను. ఈ వయసులో ఇంత కోపం మంచిది కాదని డాక్టరు అంటూనే ఉంటాడు. కానీ ఆ ఒక్క మాట, వినదు అన్న మాట, ఒక కుక్క గురించి ఎవరైనా అనగా విన్నానంటే నా ఒళ్లు నా అదుపులో ఉండదు. ఎందుకుండదో నా ఈడువాళ్లకు చెప్పుకుంటే అర్థమవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

తొంభైల నడుమ సంగతి. మావారికి ఢిల్లీలో ఒక కేంద్రప్రభుత్వ శాఖలో ఉద్యోగం. క్వార్టరు కోసం పేరు రాయించుకుని, అది వచ్చేదాకా జనక్‌పురిలో మా బావగారి ఇంట్లో, మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్లం. బావగారు, అంటే మావారి అన్నగారు, అప్పుడప్పుడే దేశంలోకి వచ్చిన విదేశీ కంపెనీల్లో ఒకదానికి ఢిల్లీ శాఖలో పెద్ద హోదాలో ఉండేవారు. మా వీధిలో కొత్తరకం కారు మొదట ఆయనదే, గోడకు బిగించే ఏసీ మొదట ఆయన గదిలోనే. గొంతు పెంచడం ఎరుగరు. కాకినాడ యాస పూర్తిగా పోగొట్టుకుని, మెత్తగా, సగం ఇంగ్లీషులో మాట్లాడేవారు. ఆయన ఒకటి అన్నారంటే ఆ ఇంట్లో అది అయిపోయినట్టే. తోడికోడలు అక్కయ్య మంచి మనిషి, కానీ ఆయన ఎదుట ఆవిడ గొంతు నేను విన్నది చాలా తక్కువ.

ఆ రోజుల్లో ఢిల్లీ మధ్యతరగతి ఇళ్లలో పొమరేనియన్ల హవా నడుస్తుండేది, మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి డ్రాయింగు రూములోనూ సోఫా మీద తెల్లటి బొచ్చుకుక్క ఒకటి కూచుని, వచ్చినవాళ్లందరి మీదా కీచుమని అరుస్తుండేది. బావగారికి అందరిళ్లలో ఉండేది తన ఇంట్లో ఉండటం నచ్చదు. ఆయన పై అధికారి, ఒక దొర, ఇంట్లో నల్లచుక్కల తెల్లకుక్క ఉండేదట. ఆ వేసవికి ముందు ఒక ఆదివారం బావగారు గుర్‌గావ్ వైపు ఒక ఫార్మ్‌హౌస్‌లో కుక్కల్ని పెంచి అమ్మే ఆయన దగ్గరికి వెళ్లి డాల్మేషియన్ పిల్లను తెచ్చారు.

దాని అందం ఏమని చెప్పను. పాలమీగడ రంగు ఒంటి మీద, ఇంకా సరిగా తేలని చుక్కలు. ఒక కన్ను గోధుమరంగు, రెండోది నీలం. ఆ నీలంకన్ను చాలా అరుదనీ, మేలుజాతి గుర్తనీ అమ్మినాయన ప్రత్యేకంగా చెప్పాడట. ఇంటికి వచ్చినవాళ్లకల్లా బావగారు దాని గడ్డం పట్టుకుని ఆ కన్ను చూపించేవారు. పేరు డచెస్ అని పెట్టారు. పనిమనిషి దాన్ని డచ్చీ చేసింది, కూరగాయల బండివాడు డిచ్చీ చేశాడు. దాని పేరు ఎవరెలా పలికినా దానికి ఒకటేనని అప్పుడు మాకెవరికీ తెలియదు.

నాకు కుక్కలు కొత్త కాదు. మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం, సామర్లకోటలో రైల్వే క్వార్టర్సులో పెరిగాం. ఆ వరసలో ఎవరికీ చెందని ఊరకుక్క ఒకటి ఉండేది. మజ్జిగన్నం ఎవరు పెడితే వాళ్ల గుమ్మంలో తిని, పడుకోవడానికి మాత్రం మా వరండాకే వచ్చేది. మెయిలు బండి కూత దూరంగా వినబడిందంటే ముందు దాని చెవి లేచేది, తరవాత మా నాన్నగారు లేచేవారు. నిద్రలో ఉన్నా కుక్క చెవి నిద్రపోదని నాకు అలా తెలుసు. అందుకే కాబోలు, ఈ పిల్లను చూస్తుంటే మొదటినించీ నా మనసుకి ఏదో తేడాగా ఉండేది గానీ, అదేమిటో పట్టుకోలేకపోయాను.

రాయిలా నిద్రపోయేది. పక్కనుంచి పది మంది వెళ్లినా కదిలేది కాదు, ఒంటి మీద చెయ్యి పడితే మాత్రం ఉలిక్కిపడి పళ్లు చూపేది. పిలిస్తే వచ్చేది కాదు, కానీ మనిషి కనబడితే ఒళ్లంతా తోక చేసుకుని వచ్చేది. ఆటలో గట్టిగా కొరికేది, అవతలివాళ్లు అబ్బా అన్నా వదిలేది కాదు. బావగారు పుస్తకం ఒకటి కొని తెచ్చుకుని రోజూ పొద్దున్నే సిట్, స్టే, కమ్ అని చెప్పేవారు. అది ఆయన ముఖంలోకి తల పక్కకు వంచి చూసేది, ఆ తరవాత ఆయన వెనకాల ఎగురుతున్న పిట్టను చూసేది.

వేసవి చివర్లో ఆ దొరగారు భోజనానికి వచ్చారు. అక్కయ్య, నేను పొద్దుటినుంచి వంటింట్లోనే ఉన్నాం. భోజనాలయ్యాక బావగారు కుక్కను హాల్లోకి రప్పించి, అందరి ముందూ సిట్ అన్నారు. అది కూచోలేదు. మళ్లీ అన్నారు. అది దొరగారి బూటు వాసన చూసి, తివాచీ మధ్యకు పోయి, వీపు ఆయన వైపు పెట్టి పడుకుంది. దొరగారు పెద్దగా నవ్వారు, మిగతావాళ్లూ నవ్వారు. బావగారు కూడా నవ్వారు గానీ ఆయన చెవులు ఎర్రబడటం నేను తలుపు పక్కనించి చూశాను. ఆ మర్నాడే ట్రైనరు వచ్చాడు.

ఎక్కడో పోలీసుకుక్కల దగ్గర పనిచేశానని చెప్పుకునే మనిషి. బిగుసుకునే ఇనుపగొలుసు ఒకటి, సన్నటి బెత్తం ఒకటి తెచ్చుకునేవాడు. మొదటిరోజే దాన్ని చూసి, ఈ జాతే మొండి జాతి సాబ్, దీని అహం విరిస్తే తప్ప లొంగదు అని తేల్చేశాడు. రోజూ పొద్దున్న ముందున్న లాన్‌లో వాడు బైఠ్ అనడం, అది కూచోకపోవడం, గొలుసు బిగుసుకోవడం, బెత్తం పడటం. పైన గదిలో కాఫీ కలుపుకుంటున్న నాకు ఆ అరుపు వినబడేది. అది మామూలు కుక్క అరుపులా ఉండేది కాదు. వింతగా, గొంతు ఎక్కడ ఆపాలో తెలియనట్టు ఉండేది. కింద అక్కయ్య టీవీ శబ్దం పెంచేది.

నేను మావారితో చెప్పాను. ఆయన అన్నయ్యతో మాట్లాడతానన్నారు, మాట్లాడలేదు. మళ్లీ చెప్పాను. వాళ్లింట్లో ఉంటూ వాళ్ల కుక్క గురించి మనమేం చెబుతాం అన్నారు. అప్పుడు ఆయన మీద కూడా నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ వారమంతా అన్నం వడ్డించడం తప్ప ఆయనతో మరో మాట మాట్లాడలేదు. ఒకరోజు నేనే దిగివెళ్లి ట్రైనరుని ఆపబోతే, "అభీ ఛోడ్ దియా తో కల్ ఆప్‌కో కాటేగీ, దీదీ," అన్నాడు. వదిలేస్తే రేపు నన్నే కరుస్తుందట. వరండాలో పేపరు చదువుకుంటున్న బావగారు తల ఎత్తకుండానే, "అమ్మాయ్, అతని పని అతన్ని చెయ్యనీ," అన్నారు.

వర్షాలు వెళ్లి చలిగాలి మొదలయ్యే సరికి దాని మెడచుట్టూ వెంట్రుకలు ఊడిపోయి ఎర్రటి గీత పడింది. ఎవరు చెయ్యి పైకెత్తినా, అది జుట్టు సవరించుకోవడానికైనా సరే, పొట్ట నేలకానించి పాక్కుంటూ వెళ్లిపోయేది. కూచోవడం మాత్రం నేర్చుకోలేదు.

దీపావళి వచ్చింది. అప్పటి ఢిల్లీ దీపావళి ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చీకటి పడగానే జనక్‌పురి అంతా యుద్ధం మొదలైనట్టుంది. సుతిలీ బాంబులు పేలితే కిటికీ అద్దాలు గలగలమనేవి. వీధికుక్కలన్నీ కార్ల కిందికి దూరాయి. పక్కింటి పొమరేనియన్ మంచం కింద వాంతి చేసుకుంటోందని, దానికి మత్తుమందేమైనా ఇవ్వచ్చా అని ఆ ఇంటావిడ గోడ మీంచి అడిగింది. నాకు మా కుక్క గుర్తొచ్చింది. ఎంత హడలిపోయి ఉందోనని మెట్ల కింద దాన్ని కట్టేసే చోటికి పరిగెత్తాను.

అది నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి, కలలో ఎక్కడికో పరిగెడుతున్నట్టు పంజాలు ఆడిస్తూ నిద్రపోతోంది. గేటు ముందే ఎవరో పెద్ద బాంబు పేల్చారు. నేను చెవులు మూసుకున్నాను. దాని చెవి మాత్రం కదల్లేదు. సామర్లకోట వరండాలో, మైలు దూరంలో బండి కూతకి లేచే ఆ చెవి నా కళ్ల ముందు మెదిలింది, అంతే, ఆ మెట్టు మీదే కూచుండిపోయాను.

అంతలో బావగారు తన స్నేహితుల్ని వెంటపెట్టుకుని అక్కడికి వచ్చారు. నిద్రపోతున్న కుక్కను చూపించి, గర్వంగా, రాయల్ బ్లడ్, దీనికి భయమంటే ఏమిటో తెలియదు చూడండి అన్నారు. వాళ్లంతా అచ్ఛా అచ్ఛా అని ఆశ్చర్యపోయారు. ఆ పొద్దున్నే మాట వినలేదని దాన్ని కొట్టించిన మనిషి, అదే కారణానికి సాయంత్రం దాన్ని పొగుడుతున్నాడు. నాకు కేకపెట్టి చెప్పాలనిపించింది. కానీ ముందు రుజువు చేసుకోవాలనుకున్నాను.

మర్నాడు దాని వెనకాల నిలబడి స్టీలుపళ్లెం మీద గరిటెతో మోగించాను. కదల్లేదు. చప్పట్లు కొట్టాను. కదల్లేదు. అది తింటుండగా పక్కన కుక్కరు కూత పెట్టింది, అది తింటూనే ఉంది. చివరికి కాలితో నేలను గట్టిగా తన్నితే చటుక్కున వెనక్కి తిరిగి, నన్ను చూసి, ఎప్పటినుంచి ఉన్నావన్నట్టు తోక ఊపింది. నేను దాని పక్కన కూలబడి ఆ మెడ మీది గీతను చూస్తూ ఏడ్చాను. ఏడుపు కాసేపట్లో పోయింది, కోపం మాత్రం ఇప్పటిదాకా పోలేదు.

బావగారు టిఫిను చేస్తుంటే వెళ్లి నిలబడ్డాను.

"బావగారూ, దానికి చెవులు వినబడవు."

"ఫ్రిజ్ తలుపు తీస్తే వస్తుంది కదా."

"మనం నడిస్తే నేల అదురుతుంది, దానికి తెలుస్తుంది. కంటితో చూసి వస్తుంది. అది మొండిది కాదు. దానికి మీరేం చెబుతున్నారో ఒక్కరోజు కూడా తెలియలేదు."

ఆయన చెంచా పక్కన పెట్టి, నువ్వేమైనా వెటర్నరీ చదివావా అమ్మాయ్ అని మెత్తగా అడిగారు. అయినా ఆ సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, నన్నూ రమ్మన్నారు. డాక్టరు దాని కళ్లకు అడ్డంగా అట్ట పెట్టి, వెనక నుంచి గంట కొట్టి, ఈల వేసి, చప్పట్లు చరిచి చూశాడు. పుట్టుకతోనే రెండు చెవులూ వినబడవన్నాడు. ఈ జాతిలో ఇది తరచుగా ఉంటుందనీ, తెల్లరంగు ఎక్కువైన చోట, ముఖ్యంగా నీలికళ్లు ఉన్నవాటిలో, చెవి లోపల ఎదుగుదల ఆగిపోతుందనీ చెప్పాడు. మెడ చూసి, ఈ గాయమేమిటి అని అడిగాడు. బావగారు పర్సు తీసి ఫీజు ఎంతని అడిగారు.

తిరిగి వస్తూ కారులో నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. ఒక్కసారి చెయ్యి వెనక్కి చాచి దాని తల నిమురుతారేమో, అయ్యో అంటారేమో అని చూశాను. ఆయన ముఖంలో కనబడిందేమిటో తెలుసా? తేలికపడటం. దొరగారి ముందు తన మాట నెగ్గకపోవడం తన తప్పు కాదని తేలిపోయింది. ఇంటి దగ్గర కారు ఆపుతూ, "ఆ అమ్మినవాడు నన్ను మోసం చేశాడు," అన్నారు. అంతే అన్నారు. మర్నాడు ట్రైనరు వస్తే విషయం చెప్పి పంపేశారు. వాడు అచ్ఛా, అందుకే కాబోలు అని, గొలుసు మడిచి సంచిలో పెట్టుకుని, టీ తాగి వెళ్లాడు. ఇన్ని నెలలు ఒక చెవిటిదాన్ని కొట్టానన్న కలత ఆ టీ కప్పు దాకా కూడా రాలేదు.

ఆ ఆదివారం నేను స్వెట్టర్ల కోసం సరోజినీ నగర్ మార్కెట్‌కి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మెట్ల కింద చిన్న కుక్కపిల్ల. నల్లచుక్కలు, రెండు కళ్లూ గోధుమరంగు, మెడలో మన కుక్క పట్టీయే, చివరి బెజ్జం దాకా బిగించినా వేలాడుతోంది. అక్కయ్య నా వైపు చూడకుండా, మీ బావగారు మార్చుకొచ్చారు అంది. పేరేమిటని అడిగాను. డచెస్సే అంది. పాతదాని పట్టీ, పాతదాని పళ్లెం, పాతదాని పేరు. కుక్కరు గాస్కెట్టు మార్చినట్టు మార్చేశారు.

పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక నేను బావగారి ఎదుట గొంతెత్తడం అదే మొదలు.

"కొట్టినన్నాళ్లూ కొట్టించి, తప్పు దానిది కాదని తేలాక వదిలించుకున్నారా?"

"డిఫెక్టివ్ పీస్ అమ్మాయ్. వాళ్లు మార్చి ఇవ్వాలి, ఇచ్చారు. ఇందులో సెంటిమెంట్ ఏముంది?"

"అది మిమ్మల్ని చూడగానే పాక్కుంటూ పోయేది. కొత్తదానికి కనీసం వేరే పేరైనా పెట్టండి, బావగారూ. ఆ పేరు పిలిచి కొట్టారు."

ఆయన పేపరు విప్పుకున్నారు. మావారు మెట్ల మీద నిలబడి అంతా విన్నారు. నేను ఆయన వంక చూడకుండా పైకి వెళ్లిపోయాను. కాసేపటికి కింద స్కూటరు స్టార్టు చేసిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ఆయన స్కూటరు మీద కూచుని, తల పైకెత్తి, నా కోసం ఎదురుచూస్తున్నారు. శాలువా తెచ్చుకో, చలిగా ఉంటుంది అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన మీద నా కోపం సగం పోయింది. మిగతా సగం దారిలో పోయింది.

అప్పుడు గుర్‌గావ్ దారిలో ఇంకా ఆవపొలాలుండేవి. ఆ ఫార్మ్‌హౌస్ వెనకాల వరసగా ఇనుప జాలీ గదులు, వాటిలో కుక్కలు. మనది చివరి గదిలో, మూలకి తిరిగి పడుకుని ఉంది. మేమొచ్చిన సంగతి దానికి తెలియదు. యజమాని శుభ్రంగా ఇస్త్రీ చేసిన బట్టల్లో, కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. దీన్ని మేం తీసుకెళతామన్నాం. కుదరదన్నాడు, మార్పిడి అయిపోయిందన్నాడు. చెవిటికుక్కతో మీకేం పని అని అడిగాను.

"సున్‌నే సే క్యా లేనా దేనా, మేడమ్. బచ్చే తో దేగీ."

వినబడకపోతేనేం, పిల్లల్ని పెడుతుంది కదా అన్నమాట. చాయ్ కప్పు తాగకుండానే కింద పెట్టేశాను. ఆ పిల్లల్లో కూడా నీలికళ్లవి పుడతాయి, వాటిని అరుదైనవని అమ్ముతాడు, కొన్నవాళ్లు సిట్ అంటారు, అవి కూచోవు, ట్రైనర్లు వస్తారు. నేను లేచి వెళ్లి ఆ జాలీ తలుపు ముందు నేల మీద బైఠాయించాను. దీన్నివ్వకపోతే ఇక్కణ్నించి లేవనన్నాను. ఆయన మావారి వైపు చూసి, మీ ఆవిడకు చెప్పండి సాబ్ అన్నాడు.

ఎప్పుడూ అన్నకు ఎదురుచెప్పని మా మెతక మనిషి అప్పుడు చాలా నెమ్మదిగా అన్నారు. "మా అన్నయ్య ఆఫీసులో చాలామంది మీ దగ్గర పిల్లల్ని కొన్నారు. నీలంకన్ను అంటే ఏమిటో వాళ్లకింకా తెలియదు. డాక్టరు మాకు చెప్పాడు."

యజమాని, సరే తీసుకుపొండి, కానీ బయట ఎక్కడా ఈ మాట రాకూడదు అన్నాడు. మేం నోరు విప్పం అని మావారు మాటిచ్చారు. నేను ఆ మాట అనలేదు. ఆ తరవాత తెలుగువాళ్ల ఉగాది సభల్లో, పేరంటాల్లో, బస్సుల్లో, ఎవరైనా కుక్కపిల్లను కొంటామంటే చాలు, ఆ మనిషి సంగతీ, నీలికళ్ల సంగతీ పూసగుచ్చినట్టు చెబుతూనే వచ్చాను.

దాన్ని శాలువాలో చుట్టి స్కూటరు ముందుభాగంలో నిలబెట్టుకుని తెచ్చాం. బావగారు గేటు దగ్గరే, అది ఈ ఇంట్లోకి రావడానికి వీల్లేదన్నారు. సరేనన్నాం. దాన్ని పక్కింటావిడ వరండాలో ఉంచి, వారం తిరక్కుండా మునిర్కాలో ఒక గదికి మారాం. చుట్టూ యూనివర్సిటీ విద్యార్థులు, ఎప్పుడూ వాదనలు, పాటలు. ఇంటి యజమానికి వెనకాల గేదెలుండేవి, కుక్క ఉందంటే ఉండనీ అన్నాడు. ఇరుకు గది, ఉమ్మడి స్నానాల గది, గోడలకు చెమ్మ. ఎంత గోలలోనైనా హాయిగా నిద్రపోయేది మా ముగ్గురిలో అదొక్కటే. మేం దాన్ని చుక్క అని పిలుచుకున్నాం. పిలుపు మా కోసమే.

చెవిటికుక్కకు చేతి సైగలతో నేర్పవచ్చని ఆ డాక్టరే చెప్పాడు. కానీ చెయ్యి లేపితే చాలు, అది నేలకు అంటుకుపోయేది. సైగ చెయ్యాల్సిన చేతినే దానికి శత్రువుని చేసిపెట్టారు. అందుకని మేం చేతిని మోకాలి ఎత్తు దాటనివ్వలేదు. అరచెయ్యి కిందికి దింపితే కూచో, వేలు మడిస్తే రా. ఎంతకాలం పట్టిందో చెబితే మీరు నమ్మరు. చలి వెళ్లి ఎండలు ముదిరాక గానీ అది మా చేతిని భయం లేకుండా చూడలేదు. ఒకరోజు నేను అన్యమనస్కంగా అరచెయ్యి దించితే, ఎదురుగా ఎంచక్కా కూచుని నా ముఖంలోకి చూసింది. ఇంత సులువైన పని కోసం దాని మెడ కోశారే అని, సంతోషించాల్సిన ఆ క్షణంలో కూడా నేను పళ్లు కొరుక్కున్నాను. వీధిలో తాడు వదిలేదాన్ని కాదు, హారన్లు దానికి తెలియవు కదా. నడుస్తున్నంతసేపూ కొన్ని అడుగులకొకసారి తిరిగి నా ముఖం చూసుకునేది. అంతగా మనిషిని గమనించే కుక్కని నేను మళ్లీ చూడలేదు. దాన్ని మాట విననిదన్నారు.

తరవాత మాకు సరోజినీ నగర్‌లో క్వార్టరు వచ్చింది. బావగారితో మాటల్లేవు. చాలా ఏళ్లకి, మా అత్తగారి ఏడూడికి కాకినాడ ప్రయాణాల గురించి మాట్లాడుకోవాల్సి వచ్చి, ఆయనా అక్కయ్యా మా క్వార్టరుకు వచ్చారు. చుక్క అప్పటికి పెద్దదైంది, మూతి నెరిసింది. గుమ్మం పక్కన పడుకుని ఉంది. మావారు అరచెయ్యి దించితే లేచి కూచుంది. బావగారు అది చూసి నవ్వి, ఎంతైనా బ్రీడ్ కదా, నేను చూసి కొన్నది అంటూ, తల నిమురుదామని చెయ్యి పైకెత్తారు.

అది మంచం కిందికి పాకిపోయింది. పోతూ పోతూ నేలంతా తడిపింది.

బావగారు చెయ్యి దించుకుని, "ఇంకా సరిగ్గా ట్రైనింగ్ అయినట్టు లేదే," అన్నారు. నేను నోరు తెరవబోయాను. అంతలో అక్కయ్య లేచి, మా వంటింట్లోకి వెళ్లి, గుడ్డ తెచ్చి, పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నేల తుడవడం మొదలుపెట్టింది. నేను వద్దన్నా వినలేదు. తుడుస్తూ, తల ఎత్తకుండా, ఆయనతో అంది.

"అది మరిచిపోలేదండీ. అంతే."

ఆయన ముందు ఆవిడ అన్న అంత పెద్దమాట నేనెన్నడూ వినలేదు. బావగారు కాఫీ సగంలో వదిలి లేచారు. ఆ తరవాత ఆయన మా ఇంటికి రాలేదు. పోయి కూడా కొన్నేళ్లయింది. ఆయన్ని తలుచుకునేవాళ్లంతా ఎంతో మంచివాడని, నెమ్మదస్తుడని చెబుతారు. నేను కాదనను, తల మాత్రం ఊపను.

చుక్క బాగా వయసొచ్చాకే పోయింది, నా ఒళ్లోనే. ఆ తరవాత ఎన్ని కుక్కల మోజులు చూశాను ఈ ఊళ్లో. పొమరేనియన్లు పోయాయి, డాల్మేషియన్లు పోయాయి, చప్పిడిముక్కువి వచ్చాయి, మంచుకుక్కలు వచ్చాయి. ద్వారకా మొత్తం తిరిగినా ఇప్పుడొక్క చుక్కలకుక్క కనబడదు. మంచి డాక్టర్లు వచ్చారు, పుట్టిన పిల్లల వినికిడి చూసే పరీక్షలు వచ్చాయంటారు, సంతోషమే. కానీ ఆ రోజుల్లో పార్టీల్లో, మాది అస్సలు మాట వినదండీ, ఎవరికో ఇచ్చేశాం, ఊరి బయట వదిలేశాం అని నవ్వుతూ చెప్పినవాళ్లు ఎంతమంది! వాటిలో ఎన్ని నిజంగానే వినలేనివో ఇప్పుడెవరు చెబుతారు?

సరోజినీ నగర్‌లో మా క్వార్టర్లను పడగొట్టేశారు. మొన్నామధ్య అటు వెళితే రేకుల కంచెలు, పైన క్రేన్లు. మా వరస ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. చలికాలం మధ్యాహ్నాల్లో ఆ వరస ముందు గడ్డిలో ఎండ పడేది, చుక్క అక్కడ పడుకునేది. ఆడుకునే పిల్లల బంతి దాని పక్కకు వచ్చి పడితే, వాళ్లెవరూ దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు, అరిచేవాళ్లు కాదు. ముట్టుకుంటే ఉలిక్కిపడుతుందని వాళ్లకు ఒకసారి చెప్పాను, మళ్లీ చెప్పే అవసరం రాలేదు. దాని ముఖానికి ఎదురుగా వచ్చి, కాస్త దూరంలో, ఆట ఆపుకుని నిలబడేవాళ్లు. ఎండ ముఖం మీద పడుతుంటే కళ్లు చికిలిస్తూ, అది తనంతట తాను లేచి తమను చూసేదాకా, అలా నిలబడే ఉండేవాళ్లు.